సాక్ష్యానికి పనికొచ్చిన పిల్ల

లోకంలో ఉన్న పాపాలన్నిటి మీదా పాస్టరమ్మ మాట్లాడింది, ఒక్క కుళ్ళుమోతుతనం మీద తప్ప. అది తన దగ్గర లేదని ఆవిడ గట్టి నమ్మకం. లేని జబ్బుకి మందు ఎవరు వెతుక్కుంటారు చెప్పండి! అక్కాబావలు తన కూతుర్ని వెంటబెట్టుకుని బస్సు దిగేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. దిగిన మర్నాడు పొద్దున పాలగ్లాసు దగ్గర మొదలైంది అసలు కథ.

ముందు ఆవిడ సంగతి చెప్పాలి. దేశం కాని దేశంలో, సైకిళ్ళ రిపేరు షాపు పైన అద్దెకు తీసుకున్న హాలు వాళ్ళ చర్చి. హాలు వెనక రెండు గదులూ ఒక వంటిల్లూ వాళ్ళ కాపురం. మొగుడు పాస్టరు, నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. ఆదివారం ప్రసంగం ఆయనది, దానికి ముందు సాక్ష్యం, అంటే దేవుడు తన బతుకులో చేసింది నలుగురి ముందూ చెప్పుకోవడం, ఆవిడది. జనం వచ్చేది ఆవిడ సాక్ష్యం కోసమని ఆయనకీ తెలుసు, పాపం. మిగతా వారమంతా ఆవిడ కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున ఆసుపత్రి వార్డుల్లో రోగుల పక్కన ప్రార్థన, పదకొండింటికి ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి సూపు, మధ్యాహ్నం జైల్లో ఆడవాళ్ళతో మాటామంతీ, సాయంత్రం పాతబట్టల గదిలో మూటలు విప్పడం. నడిమధ్య ఎవడో తాగి మెట్ల మీద పడిపోతే వాణ్ణి లేపడం కూడా ఆవిడ వంతే. పుట్టింట్లో ఆవిడ ముద్దుపేరు తూనీగ. ఒకచోట వాలి ఎరగదని వాళ్ళమ్మ పెట్టిన పేరు.

కూతురికి ఆరేళ్ళున్నప్పుడు వాళ్ళని సువార్త పనికి మొదటిసారి పంపిన చోట బడి లేదు. పిల్లని అక్క దగ్గర వదిలి వెళ్ళారు. బడి ఉన్న చోటికి మారాక తీసుకెళ్దాం అనుకున్నారు. మారారు. ఈలోగా పిల్ల అక్కడ అలవాటు పడిపోయింది, వీళ్ళు పనిలో పడిపోయారు. వచ్చే వేసవికి, ఆ పై వేసవికి అంటూ వాయిదా వేస్తూ వేస్తూ ఉండగానే పిల్లకి పదిహేనేళ్ళు నిండాయి. అక్క దర్జీ పని చేస్తుంది, వీధిలోకి తెరిచిన ముందుగదిలో కుట్టుమిషను. ఇద్దరు మగపిల్లలూ ఉద్యోగాలు పట్టుకుని తలో దిక్కూ పోయాక ఆ ఇంట్లో మిగిలిన సందడల్లా ఈ పిల్లే. బావ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూడా కంచం ముందు కూర్చుంటే "ఎక్కాలి ఎక్కాలి", లేచేటప్పుడు "రైట్ రైట్" అంటాడు.

ఈసారి పిల్ల పదో తరగతి పెద్ద పరీక్ష రాసింది. సెలవులకి ముగ్గురూ వచ్చారు. పాస్టరమ్మ అప్పటికే ఇక్కడి బడిలో సీటు మాట్లాడి ఉంచింది. ఇక పిల్లని పంపేది లేదని మనసులో తీర్మానించుకుంది. ఆ మాట మొగుడి చెవిన వేస్తే ఆయన మెల్లగా, "పిల్ల ఇష్టం" అన్నాడు.

ఎంత చిన్నమాట చూడండి, పిల్ల ఇష్టం! పాస్టరమ్మకి ఆ రెండు ముక్కలూ గొంతులో చేపముల్లులా అడ్డంపడ్డాయి.

ఇక పాలగ్లాసు. మర్నాడు పొద్దున ఆవిడ సూపు వంటింటికి ఫోను చేసి, ఈ పూట నేను రాను, నా కూతురొచ్చింది అని గర్వంగా చెప్పి, పాలు కాచి, రెండు చెంచాల చక్కెర వేసి, తిప్పి, పిల్ల చేతికిచ్చింది. పిల్ల చివరి చుక్కదాకా తాగి "థాంక్స్ అమ్మా" అంది. పాస్టరమ్మ కడుపు నిండిపోయింది. సరిగ్గా అప్పుడే అక్క తల దువ్వుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"అయ్యో, చక్కెర వేశావా? అది పాలల్లో చక్కెర వేసుకోదే. చిన్నప్పట్నుంచీ అంతే. వాంతి చేసుకునేది."

"తాగింది కదా!" అంది పాస్టరమ్మ.

"తాగింది" అని అక్క పిల్ల వంక చూసింది. పిల్ల గ్లాసు కడుగుతూ, "ఫరవాలేదు పెద్దమ్మా, బాగానే ఉంది" అంది.

ఆ "ఫరవాలేదు"తో పాస్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కింటావిడ పెట్టింది నచ్చకపోయినా నవ్వుతూ మింగినట్టు నేను ఇచ్చిన పాలు మింగిందన్నమాట నా కూతురు. వాంతి చేసుకున్నా బాగుండేది. పేగు సంబంధం ఉన్నవాళ్ళ దగ్గరేగా ఎవరైనా మొహమాటం లేకుండా వాంతి చేసుకునేది!

అది మొదలు ఆవిడ కళ్ళు ఆవిడ మాట వినడం మానేశాయి. పిల్ల సోఫాలో పడుకుని కాళ్ళు తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పెడితే చూశాయి. అక్క మాట్లాడుతూనే ఆ పాదాలు నొక్కుతుంటే చూశాయి. పిల్ల నిద్ర లేవగానే కళ్ళు తెరవకముందే "పెద్దమ్మా, టైమెంత?" అనడం చూశాయి. అక్క దాన్ని "బుడంకాయా" అని పిలుస్తుంది. పాస్టరమ్మ ఒకసారి తనూ "బుడంకాయా" అని పిలిచి చూసింది. పిల్ల పలికింది గానీ, తన చొక్కా ఎవరో అడక్కుండా తొడుక్కున్నట్టు ఒక చూపు చూసింది.

పోనీ అక్క చెడ్డదా అంటే, అదీ కాదే! చెడ్డదైతే ఎంత హాయిగా ఉండును. వచ్చిన మూడోనాటికే అక్క పాతబట్టల గదిలో మూలనున్న మిషనుకి నూనె వేసి, ఊడిన గుండీలు, చిరిగిన జేబులు అన్నీ బాగుచేసి పెట్టింది. ఆ దేశపు భాషలో అక్కకి ఒక్క ముక్క రాదు. అయినా చర్చి సంఘం ఆడవాళ్ళు చుట్టూ మూగి చేతులతోనే కబుర్లు చెప్పి పడీ పడీ నవ్వారు. ఇన్నేళ్ళు ఆ భాష బట్టీపట్టి మాట్లాడుతున్న పాస్టరమ్మని చూసి వాళ్ళెప్పుడూ అలా నవ్వలేదు, ఏడ్చారంతే. ఆవిడ సాక్ష్యం అలాంటిది మరి.

"ఏమ్మా మరదలా, మొహం అలా ఆముదం తాగినట్టుందేం?" అన్నాడు బావ.

"ఎండ బావగారూ."

"ఇంట్లో కూడా ఎండే? ఇదేం దేశమమ్మా బాబూ!"

ఆ కుటుంబంలో ఒక అలవాటుంది. మొహం మీద అనలేనివన్నీ ప్రార్థనలో అంటారు. భోజనానికి ముందు వంతులవారీగా కళ్ళు మూసుకుని పైకి ప్రార్థించడం వాళ్ళ నాన్న నేర్పాడు. దేవుడితో అన్నమాటని కాదనే హక్కు ఎవరికీ ఉండదు కనుక, చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళ తగాదాలన్నీ కంచాల మీదే తెగేవి. "ప్రభువా, నా రిబ్బను తీసినదానికి మంచి బుద్ధి దయచెయ్యి" అని ఒకరు, "ప్రభువా, ఒక్క రిబ్బను కోసం ఏడ్చేదాన్ని కరుణించు" అని ఇంకొకరు. ఇప్పుడు నలభై దాటాక మళ్ళీ అదే రంగం తయారైంది.

"ప్రభువా," అంది పాస్టరమ్మ ఆ రాత్రి భోజనాల దగ్గర, "పిల్లల్ని గారాబంతో పాడుచేసే ప్రేమ నుంచి మమ్మల్ని కాపాడు."

అక్క వంతు వచ్చింది. "తండ్రీ, పిల్లలకి ఏం సయిస్తుందో ఏం సయించదో కనుక్కునే తీరిక తల్లులందరికీ అనుగ్రహించు."

వంతు కాకపోయినా పాస్టరమ్మ మళ్ళీ అందుకుంది. "నీ పనిలో ఎముకలు అరగదీసుకుంటున్నవాళ్ళని ఎత్తిపొడిచే నాలుకల్ని క్షమించు ప్రభువా."

"ఎముకలు అరిగినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టు తండ్రీ."

పాస్టరు కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు. బావ గొంతు సవరించుకున్నాడు. "దేవా, కూర చల్లారిపోతోంది. ఆమెన్. రైట్ రైట్!"

పిల్ల కిసుక్కున నవ్వి పెదనాన్న భుజం మీద వాలిపోయింది. అదీ కుళ్ళే పాస్టరమ్మకి. కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ భుజమేనా దొరికింది!

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ నడవదు. ఇన్నేళ్ళూ అక్క వారానికోసారి ఫోను చేసి పిల్ల విషయాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. పదేళ్ళొచ్చినా పక్క తడుపుతోందనీ, ఒంటరిగా పడుకోమంటే వణుకుతోందనీ, లెక్కల పరీక్షలో చీటీ పెట్టి దొరికిపోయి రెండురోజులు అన్నం తినలేదనీ. ప్రతిసారీ చివర, "ఎవరి దగ్గరా అనకే, కన్నదానివి కనక చెబుతున్నా" అనేది. పాస్టరమ్మ ఫోను పెట్టేసి ఏడ్చేది. ఆ ఏడుపు నిజమే. ఆదివారం సాక్ష్యానికి నిలబడేసరికి ఆ ఏడుపు ఇంకా గొంతులోనే ఉండేది. "నా బిడ్డని వదిలి మీ దగ్గరికొచ్చాను. నా బిడ్డ ఈ వారం..." అని మొదలుపెడితే హాలంతా ముక్కులు చీదే చప్పుడు. చివర, "నా బిడ్డ కోసం ప్రార్థించండి" అనేది. వాళ్ళు ప్రార్థించారు. కొందరు ఉపవాసం కూడా ఉన్నారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని మనం అనుకుంటాం గానీ, ఆవిడ మాత్రం దాన్ని ప్రార్థన అంశం అనుకుంది. సువార్త పనిలో ఉన్నవాళ్ళకి ఈ రెంటికీ తేడా ఒక్కోసారి తెలియదు.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక టీ దగ్గర సంఘమంతా పిల్ల చుట్టూ చేరింది. ఆ భాష పిల్ల బడిలో నేర్చుకున్నదే, తడబడకుండా మాట్లాడుతుంది. సూపు వంటింట్లో పెద్ద గరిటె పట్టుకునే లావాటావిడ, అందరూ గరిటమ్మ అంటారు, పిల్లని రెండు చేతులా వాటేసుకుంది.

"ఎంత పెద్దదానివయ్యావు తల్లీ! ఇప్పుడు ఒక్కదానివీ పడుకుంటున్నావా? పక్క తడపడం మానేశావుగా? దానికోసం నేను మూడు శుక్రవారాలు పస్తులున్నాను తెలుసా!"

పిల్ల మొహంలో నవ్వు ఇంకా పోలేదు, అర్థం కానట్టు నిలబడింది. తాళాలు బాగుచేసే ముసలాయన ముందుకొచ్చి ఆప్యాయంగా దాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ చీటీ సంగతి మనసులో పెట్టుకోకమ్మా. నేనూ కుర్రతనంలో పరీక్షల్లో కాపీకొట్టినవాణ్ణే. దేవుడు క్షమించేశాడు."

వెనకనించి ఇంకెవరో, "చీకటంటే భయం పోయిందా పాపా?" అన్నారు.

అందరి కళ్ళల్లోనూ ప్రేమే, అదే దారుణం. ఒక్కడైనా వెక్కిరించి ఉంటే పిల్ల తిరిగి తిట్టేది. ప్రేమించేవాళ్ళని ఏమంటుంది? అందరికీ "థాంక్స్" చెప్పి, టీకప్పు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, వెనక గదుల్లోకి వెళ్ళిపోయింది. అక్కకి ఆ మాటలేవీ అర్థం కాలేదు. పిల్ల నడక చూసి మాత్రం కప్పు కింద పెట్టి వెంట పరిగెత్తింది. పాస్టరమ్మకి మాటలన్నీ అర్థమయ్యాయి, కాళ్ళే కదల్లేదు.

ఆవిడ లోపలికి వెళ్ళేసరికి పిల్ల గది మధ్యలో నిలబడి ఉంది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "పక్క తడిపింది, చీటీ పెట్టింది, అన్నీ. ఊరందరికీ తెలుసు. ఎవరు చెప్పారు?"

"ఏం తెలుసే? ఏమన్నారు వాళ్ళు?" అంది అక్క.

పిల్ల చెప్పింది. వింటూ వింటూ అక్క చెల్లెలి మొహం వంక తిరిగింది. బావ గుమ్మంలో ఆగిపోయాడు.

ఇప్పుడు పాస్టరమ్మ ఏమనాలి? నిజం చెబితే, పిల్ల రేపే బస్సెక్కుతుంది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. సీటు మాట్లాడిన బడీ, కొత్త దుప్పటి పరిచిన మంచం, అన్నీ వట్టివి. ఎదురుగా అక్క. అన్నీ తెలిసిన అక్క, పాదాలు నొక్కే అక్క, ఏమీ చెయ్యకుండానే అన్నీ గెలిచే అక్క. ఆలోచించి అన్నదని నేననను. కుళ్ళు ఆలోచించనివ్వదు.

"పెద్దమ్మే చెప్పింది," అంది పాస్టరమ్మ. "పెద్దమ్మే బెంగపడి, అందరిచేతా ప్రార్థన చేయించమంది. నేను వద్దన్నాను. ఆవిడే పట్టుబట్టింది."

పిల్ల అక్క వైపు తిరిగింది. "నువ్వా పెద్దమ్మా?"

బావ నోరు తెరిచాడు. అక్క ఆయన వంక ఒక చూపు చూసింది, నోరు మూసుకున్నాడు. పాతికేళ్ళు బస్సు నిండా జనాన్ని అదిలించినవాడు కుక్కిన పేనల్లే నిలబడ్డాడు.

"అవునే, నేనే," అంది అక్క. "నలుగురూ ప్రార్థిస్తే తగ్గుతుందని... బుద్ధి తక్కువై చెప్పమన్నాను."

పిల్ల లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పాస్టరమ్మ గుండెల్లో ముందు గుబులు, ఆ వెనకే, సిగ్గులేకుండా, బాజాలు. పిల్ల మొహం తిప్పుకున్నది అక్క మీదనించి! ఇన్నేళ్ళలో మొదటిసారి!

ఆ తర్వాత పిల్ల అక్కతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. కాళ్ళు ఒళ్ళో పెట్టలేదు. నిద్ర లేచి టైమెంతో గోడ గడియారాన్నే చూసుకుంది. పాస్టరమ్మ ఓరకంట ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ జైలుకీ ఆసుపత్రికీ గాల్లో తేలుతూ తిరిగింది. మధ్యలో ఒక సాయంత్రం మాత్రం అక్కా పిల్లా పాతబట్టల గదిలో తలుపు దగ్గరేసుకుని చాలాసేపున్నారు. లోపల ఏం జరిగిందో తెలియక పాస్టరమ్మ ఆ తలుపు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. పిల్ల ఏడ్చిన కళ్ళతో బయటికొచ్చింది. మర్నాడు టిఫిను దగ్గర, తలెత్తకుండా, "అమ్మా, నేను ఇక్కడే చదువుతాను" అంది.

పాస్టరు చేతిలో చెంచా జారిపోయింది. పాస్టరమ్మ లేచి పిల్లని కావలించుకుంది. పిల్ల కావలించుకోనిచ్చింది.

అక్కాబావలు బయల్దేరే ముందురోజు పాస్టరమ్మ పాతబట్టల గదికి వెళ్ళింది. అక్క మిగిలిన చొక్కాలకి గుండీలు కుడుతోంది. వెళ్ళింది థాంక్స్ చెప్పడానికా, క్షమాపణకా అని అడిగితే ఆవిడకే తెలియదు.

"ఎందుకక్కా అలా చెప్పావు?"

"ఎలా చెప్పాను?"

"నేనే అన్నావుగా."

అక్క దారం కొరికింది. "చిన్నప్పుడు పలక పగలగొట్టి నా మీద పెట్టావు. అమ్మ నన్నే బాదింది. మనకిదేమైనా కొత్తా?" అని, ఇంకో గుండీ అందుకుని, "దానికి జ్వరమొస్తే మాట్లాడదు. నోరు బిగించుకుని పడుకుంటుంది. నువ్వే నుదురు పట్టుకుని చూడాలి. గుర్తుంచుకో" అంది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! పోట్లాడి సరిపెట్టుకుందుము. ఆ మంచితనం చూసి పాస్టరమ్మకి మళ్ళీ కుళ్ళు. వెయ్యి ప్రసంగాలు విన్న తనకి రానిది, గుండీలు కుట్టేదానికి ఎక్కడిది?

బస్టాండులో పిల్ల పెదనాన్నకి చెయ్యి ఊపింది. అక్క దగ్గరికి తీసుకోబోతే కొయ్యలా నిలబడింది. బావ బస్సు మెట్టు మీద నిలబడి, "హోల్డాన్!" అని డ్రైవరుకి తెలియని భాషలో అరిచి, పిల్ల వంక చూసి నవ్వబోయి, నవ్వు రాక లోపలికి వెళ్ళిపోయాడు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ కిటికీలోనించి చెయ్యి బయటికే ఉంది.

గెలిచింది పాస్టరమ్మ. గెలిచినవాళ్ళు ఏం తింటారో గానీ, ఆవిడకి మాత్రం రుచి తెలియలేదు. పిల్ల పొద్దున లేస్తుంది, పాలు తాగుతుంది, ఇప్పుడు చక్కెర లేకుండానే. "థాంక్స్ అమ్మా" అంటుంది. బడికి వెళ్తుంది, వస్తుంది. "ఏంటమ్మా విశేషాలు?" అంటే "ఏమీ లేవు" అంటుంది. "ఎవరైనా స్నేహితులయ్యారా?" "చూడాలి." అద్దె కట్టి ఉంటున్న పిల్లలా, మర్యాదకి ఒక్క లోటు లేదు. సంఘంలో గరిటమ్మ ఎదురైతే పక్కదారిన పోతుంది.

రోజూ సాయంత్రం అక్క ఫోను చేస్తుంది. పిల్ల రాదు, చదువుకుంటున్నానని చెప్పమంటుంది. "ఎలా ఉందే? తిందా?" అని అక్క అడిగితే, "బాగానే ఉంది" అని పాస్టరమ్మ అంటుంది. చెప్పడానికి అంతకన్నా ఏమీ తెలియదు మరి! ఫోన్లో అక్క ఊపిరి వినిపిస్తుంది. అవతల ఒంటరి కుట్టుమిషను పక్కన అక్క ఎలా కూర్చుని ఉంటుందో పాస్టరమ్మకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. జాలి వేస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ జాలి అడుగున మళ్ళీ కుళ్ళే. ఇన్నేళ్ళు పిల్లకి దూరంగా ఉన్నానే, ఇంత బెంగ నేనెప్పుడైనా పడ్డానా? నేను సాక్ష్యం చెప్పుకుని తేలికపడ్డాను, అక్క ఎవరికి చెప్పుకుంటుంది? ఒక సాయంత్రం ఇలా అనుకునేసరికి ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి నించి మనిషొచ్చాడు, ఎవరో రోగి పాస్టరమ్మనే రమ్మంటున్నారని. ఆవిడ మొగుణ్ణి పంపింది. "నువ్వు రావా?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరు వెళ్ళండి. మీకూ ప్రార్థన వచ్చుగా" అంది.

పాతబట్టల గదిలో పిల్ల ఒక్కతే కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. పాస్టరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించింది, ఎక్కలేదు. పిల్ల చెయ్యి చాపి తీసుకుని ఎక్కించి ఇచ్చింది. కిందనించి సైకిలు బెల్లు పరీక్షిస్తున్న చప్పుడు వస్తోంది.

"నీకొకటి చెప్పాలి," అంది పాస్టరమ్మ చివరికి. "పెద్దమ్మ నన్ను ప్రార్థన చేయించమని అడగలేదు. ఎవరికీ చెప్పొద్దని ప్రతిసారీ చెప్పింది. నేనే చెప్పాను, ప్రతి ఆదివారం. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్ళిపోతావని."

చెప్పేసి గుండె చిక్కబట్టుకుంది. ఇప్పుడు లేస్తుంది, పెట్టె సర్దుకుంటుంది, పెద్దమ్మకి ఫోను చేస్తుంది.

పిల్ల లేవలేదు. "తెలుసు," అంది.

"తెలుసా? ఎప్పుడు?"

"అప్పుడే. పెద్దమ్మకి అబద్ధం ఆడటం రాదు. ఇంకా కత్తిరించని జాకెట్టు కుట్టడం అయిపోయిందని గిరాకీకి చెప్పేటప్పుడు కూడా ముక్కు రుద్దుకుంటుంది. ఆ రోజూ రుద్దుకుంది."

"నేను... నేను చెప్పినప్పుడు తెలియలేదా?"

"నువ్వు అబద్ధం చెబితే ఎలా ఉంటావో నాకెలా తెలుస్తుందమ్మా?" అంది పిల్ల. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట చెప్పింది. "నీతో అన్ని రోజులు లేను కదా."

పాస్టరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "మరి పెద్దమ్మ మీద కోపం ఎందుకే?" అంది.

"నీ అబద్ధం తన నెత్తిన వేసుకున్నందుకు. ఇంకా, నన్ను వదిలేసి వెళ్ళినందుకు." పిల్ల సూది చొక్కాలో గుచ్చి వదిలేసింది. "నేను వెళ్ళిపోదామనే అన్నాను. ఆ సాయంత్రం తలుపేసుకుని ఎంత బతిమాలానో! వినలేదు. 'మీ అమ్మ ఎవరి దగ్గరా నిలకడగా కూర్చోలేదే. నువ్వుంటే కూర్చుంటుందేమో, ఉండి చూడు' అంది. పెద్దమ్మ ఉండమంది కాబట్టి ఉన్నాను."

అంతే. గెలిచానని ఎగిరిన ఎగురుడంతా అక్క పెట్టిన భిక్ష. పిల్లని లాక్కోనూ లేదు, సంపాదించుకోనూ లేదు. అక్క ఇచ్చి వెళ్ళింది. పాస్టరమ్మ లోపల కుళ్ళు అలవాటుగా లేవబోయి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క అక్కడే కూలబడింది. కళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకోలేదు.

పిల్ల తల్లి కన్నీళ్ళ వంక చూసింది. జాలిగానే చూసింది గానీ, కొంచెం వెనక్కి జరిగి కూడా చూసింది.

"ఇది కూడా ఆదివారం చెప్తావా?" అంది.

"చెప్పను," అంది పాస్టరమ్మ.

పిల్ల ఇంకో చొక్కా ఒళ్ళోకి లాక్కుంది.

"చూద్దాం," అంది.